పైలం: ‘మీ నిర్ణయమే కథ’ అంటే నమ్మి పైసలు పెట్టకుండ్రి

రోల్ ప్లేయింగ్ గేమ్‌లు (కథల ఒక పాత్ర అయ్యి మనమే ఆడేటివి) కొనేటోళ్లు జర ఇది చదువుండ్రి. నల్లగొండల నేను, మా తమ్ముడు దసరాకు ఇచ్చిన పైసలు జమ చేసి 2,499 పెట్టి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంల ఒక గేమ్ కొన్నం. పేరు రాస్తలేను, ఎందుకంటే గిదే మాట శానా గేమ్‌ల మీద ఉంటది: “మీరు తీసుకునే ప్రతి నిర్ణయం కథను మారుస్తది.”

ఆ గేమ్‌ల వాగు కాడ ఒక పడవాయన దొరుకుతడు. దొరకు పట్టియ్యాల్నా, వదిలెయ్యాల్నా? “వదిలెయ్యి అన్నా, పిల్లలున్నరు ఆయనకు” అన్నడు తమ్ముడు. వదిలేసిన. రెండు నిమిషాలకు దొర మనుషులొచ్చి చంపిన్రు. పాత సేవ్ (ఆట మధ్యల దాసిపెట్టుకున్న జాగ) తీసి ఈసారి పట్టిచ్చిన. మళ్ల అదే వాగు ఒడ్డు, అదే పీనుగ, ఆయన పెండ్లాం నోట అవే మాటలు. మనం చెప్పనీకి గేమ్‌ల జవాబులు మూడు ఇస్తరు, ఏది నొక్కినా అవతలోడు చెప్పేది ఒక్కటే. తమ్ముడు కంట్రోలర్ పక్కకు పెట్టి లేచిపోయిండు. నాకు పైసలకంటే అదే ఎక్కువ బాధైంది.

కథ ఒకటే దారిల నడిస్తే తప్పని నేననను. 2009ల వచ్చిన ఫైనల్ ఫాంటసీ 13 శానా దూరం ఒకటే బాట, అయినా ఇష్టంగ ఆడిన. దారి చీలిస్తే సీన్లు, డబ్బింగ్, యానిమేషన్ అన్నీ రెండుసార్లు చెయ్యాలె, ఖర్చు పెరుగుతది. అందుకే చీల్చినట్టు చేసి మళ్ల కలిపేస్తరు. కానీ నిజంగ దారి చీల్చి చేసినోళ్లు ఉన్నరు. 2011ల వచ్చిన ది విచర్ 2 గేమ్ చూడుండ్రి: కథల ఒకరికొకరు పడని ఇద్దరుంటరు, రోష్ దిక్కు ఉంటవా, యోర్వెత్ దిక్కు ఉంటవా అన్నదాన్ని బట్టి రెండో అధ్యాయం వేరే జాగల నడుస్తది. ఒక దిక్కు ఆడినోనికి రెండో దిక్కు సంగతే తెల్వది.

మా పైసలు వాపస్ రాలే. స్టీమ్‌ల కొన్న 14 రోజుల లోపల, ఆడింది 2 గంటల లోపల ఉంటేనే వాపస్ అడగొచ్చు. ఈ గేమ్‌ల పడవాయన వచ్చేసరికే రెండున్నర గంటలు దాటినయ్. మొదలంత కొట్లాటలు, వీడియోలే.

అందుకే కొన్నంక మొదటి గంటల్నే ఏదన్న నిర్ణయం వస్తే దానికి ముందు వేరే సేవ్ పెట్టుకొని రెండు దిక్కులా ఆడి చూడుండ్రి. గంటన్నర దాకా ఒక్క నిర్ణయం కూడ రాకుంటే ఇంకా ఆడకుండ వాపస్ పెట్టుండ్రి. కొనకముందైతే ఒకే సీన్‌ను వేరు వేరు జవాబులతోని ఇద్దరు ఆడిన వీడియోలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. ట్రైలర్‌ల మాత్రం ఇది పట్టుకోలేరు, మేం మూడుసార్లు చూసే కొన్నం.