ఆటోనగర్‌లో హెడ్‌లైట్ స్క్రూల పని: అంబాసిడర్, జీపు ఉన్నవాళ్ల కోసం

పాత బండి హెడ్‌లైట్ పైకీ కిందికీ తిరగట్లేదు, సెట్టింగ్ స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోయింది అంటే విజయవాడలో ఎక్కడికి వెళ్లాలని చాలామంది అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా. ఆటోనగర్ వంద అడుగుల రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే ఒక సందులో చిన్న ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. షాపు పేరంటూ ఏమీ లేదు, పైన ఉన్న బోర్డు బ్యాటరీ కంపెనీది. పాత అంబాసిడర్లు, జీపుల లైట్లు చేసే మేస్త్రి ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పనికి నా మార్కు అయిదుకి అయిదు, షాపుకి మాత్రం మూడున్నర.

బండి 1996 మోడల్ అంబాసిడర్, ఇసుజు ఇంజనుది, మా నాన్నగారిది. చాలాకాలం బందరులో ఉంది. ఆ ఉప్పుగాలికి రేకు ఏమవుతుందో బందరు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఎడమ లైటు చెట్ల కొమ్మల్ని చూపించేది, కుడి లైటు నేరుగా ఎదురొచ్చేవాడి మొహం మీదికి. రాత్రిపూట ఉయ్యూరు దాటాక ఎదురొచ్చే ప్రతి లారీ డ్రైవరూ హెడ్‌లైట్లు కొట్టి మరీ తిట్టుకుంటూ పోయేవాడు, డిమ్‌లోనే ఉన్నా బాబూ అని మనం అరిచినా వాడికి వినపడదు కదా. దానికితోడు ఆర్‌సీ రెన్యువల్ దగ్గరపడింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి అయిదేళ్లకోసారి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారికి బండి చూపించాలి, అక్కడ లైట్ల దగ్గర ఆగిపోతే మళ్లీ ఇంకో రోజు సెలవు.

తెలియనివాళ్లకి ఒక్క ముక్క. అంబాసిడర్‌ది ఏడంగుళాల గుండ్రటి లైటు. బయటి క్రోమ్ రింగు తీస్తే లోపల రెండు పొడుగు స్క్రూలు కనిపిస్తాయి, పైనున్నది తిప్పితే వెలుగు పైకీ కిందికీ, పక్కనున్నది తిప్పితే కుడికీ ఎడమకీ జరుగుతుంది, వీటికి ఎదురుగా ఒక స్ప్రింగు లైటుని లాగిపట్టి ఉంచుతుంది. అంతే, ఇందులో పెద్ద సైన్సు లేదు. కాకపోతే స్క్రూ ఉక్కుది, అది దిగే నట్టు నైలాన్‌ది, ఆ నట్టు కూర్చునేది వెనక రేకు గిన్నెలో, ముందు చక్రం ఎగజల్లే బురదంతా చేరేది ఆ గిన్నె వెనక్కే. నైలాన్‌కి తుప్పు పట్టదు గానీ ఏళ్లు గడిచేసరికి పెళుసెక్కిపోతుంది, స్క్రూకేమో మరలంతా తుప్పు. ఇప్పుడు బలంగా తిప్పితే మూడింట్లో ఒకటి జరుగుతుంది: స్క్రూ తల అరిగిపోతుంది, లేదా స్క్రూ విరుగుతుంది, లేదా నట్టే గిన్నెలో గిరగిరా తిరుగుతుంది. మూడోది అన్నిటికన్నా చిరాకు, స్క్రూ తిరుగుతున్నట్టే ఉంటుంది, వెలుగు మాత్రం అంగుళం జరగదు.

మా ఇంటి దగ్గర ఒక షాపులో ముందు చూపించాం. అక్కడి కుర్రాడు అరిగిపోయిన స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి, దాన్ని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పి, పై స్క్రూ తల గుండ్రంగా చేసిపెట్టాడు. ఆ తర్వాత గ్యాస్ మంట పెడదాం సార్ అన్నాడు. నైలాన్ పక్కన గ్యాస్ మంటేమిట్రా నాయనా! బండి వెనక్కి తెచ్చేసుకున్నాం.

ఆటోనగర్ మేస్త్రి గారు వయసులో పెద్దాయన, మాట కాస్త కరుకు. బానెట్ ఎత్తి, టార్చ్ వేసి వెనక నుంచి చాలాసేపు చూశారు, ముందు వైపు స్క్రూని ముట్టుకోనే లేదు. "తలతో పని లేదు బాబూ, తోకతో పని" అన్నారు. విషయం ఏమిటంటే నట్టుకి వెనక పక్క పొడుచుకొచ్చిన మరల మీద ఉన్న తుప్పే అసలు శత్రువు. దాన్ని తీయకుండా స్క్రూ తిప్పితే ఆ గరుకంతా నైలాన్‌లోకి దిగి లోపలి మరని ఆకురాయితో రుద్దినట్టు తినేస్తుంది. అందుకే ఆయన ముందు సన్న వైరు బ్రష్షుతో వెనక మరంతా గోకించి, గుడ్డతో తుడిపించి, ఆ తర్వాతే తుప్పు వదిలించే ఆయిల్ వేశారు. అదీ డబ్బాతో స్ప్రే కొట్టలేదు, మూతలో కాస్త పోసి పెయింటింగ్ బ్రష్షుతో అద్దారు. ఎందుకంటే ఆ తుంపర బల్బు కన్నంలోంచి లోపలి రిఫ్లెక్టర్ మీద పడితే వెండిలా మెరిసే పూత మసకబారుతుంది, తుడుద్దామని గుడ్డ పెడితే పూత ఊడి గుడ్డకే వస్తుంది. కొత్త కారు షోరూముల్లో కూడా ఇంత జాగ్రత్త చూడలేదు నేను.

ఆయిల్ సంగతి. అందరం డబ్ల్యూడీ-40 అనేస్తాం గానీ అది మొదట తయారైంది తడిని తరిమెయ్యడానికి, పేరులో ఉన్న డబ్ల్యూడీ అంటే కూడా అదే, వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్. అదే కంపెనీ తుప్పు వదిలించడానికి విడిగా ఇంకో రకం అమ్ముతుంది. ఇనప నట్లకి మేస్త్రి గారు ఆ రెండూ వాడరు. ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి సీసాలో పెట్టుకుంటారు, వాడే ముందు బాగా కుదపాలి, లేకపోతే విడిపోతుంది. పెయింటు మీద చుక్క పడనివ్వకూడదు, ప్లాస్టిక్ మీద కూడా పడనివ్వకూడదు. అందుకే ఆ మందు రేకులో ఇనప నట్టు ఉన్నచోట మాత్రమే వేస్తారట, నైలాన్ ఉన్నచోట మామూలు స్ప్రే ఆయిలే బ్రష్షుతో.

ఆయిల్ వేసి రేపు రా అన్నారు. నాకు నచ్చింది ఇదే, మనవాళ్లలో చాలామందికి ఈ ఒక్క రాత్రి ఆగే ఓపిక ఉండదు.

మర్నాడు నేను అక్కడే స్టూల్ మీద కూర్చుని చూశా. తల అరిగిన స్క్రూకి హాక్సా బ్లేడుతో గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్ పట్టేలా చేశారు. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద కొద్దిసేపు ఆనించి తీసేశారు, వేడి స్క్రూలోకే పోతుంది, చుట్టూ రేకుకి గానీ పెయింటుకి గానీ తగలదు, నైలాన్ కరిగేంత వరకూ రానివ్వరు. చల్లారాక స్క్రూడ్రైవర్ వెనక సుత్తితో చిన్నగా టక్కుటక్కుమనిపించారు. ఆ తర్వాత విప్పుతారనుకున్నా, కాదు, ముందు కొంచెం బిగించారు! పిసరంత బిగింపు వైపు కదిలాక, పిసరంత విప్పు వైపు, మళ్లీ బిగింపు వైపు, మళ్లీ ఆయిల్. అసిస్టెంటు కుర్రాడు తొందరపడి ఒకేసారి తిప్పబోతే "ఒరేయ్, అది నీ బైకు కిక్కు కాదు" అని కేకలేశారు. ఎడమ లైటువి రెండూ ఇలాగే విడిపోయాయి. కుడివైపు పక్క స్క్రూ మాత్రం లొంగలేదు, నట్టు పగిలిపోయింది, అది పగులుతుందని మేస్త్రి గారు ముందే చెప్పారు కూడా. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా ఈ స్క్రూ, నట్టు, స్ప్రింగు సెట్టు ఆటోనగర్ పాత సామాన్ల షాపుల్లో ఇంకా దొరుకుతోంది, కుర్రాడు సైకిల్ మీద వెళ్లి తెచ్చేశాడు. బిగించేటప్పుడు నైలాన్ నట్టులోకి సిలికాన్ గ్రీజు పట్టించారు, మళ్లీ ఇలా పట్టెయ్యకుండా.

విడిపించడం ఒక ఎత్తు, సెట్టింగ్ ఇంకో ఎత్తు. దీన్ని కూడా అంచనాగా చెయ్యలేదు. ముందు నాలుగు టైర్లలో గాలి చూపించారు, నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోమన్నారు, చదునైన నేల మీద గోడకి ఎదురుగా ఎనిమిది మీటర్ల దూరంలో బండి నిలబెట్టించారు. ఆ ఎనిమిది ఊరికే కాదు. సెంట్రల్ మోటారు వాహనాల రూల్స్‌లో 106వ రూలు ఉంది, లైటుకి 8 మీటర్ల దూరంలో, బండి కుడి అంచుకి అర మీటరు పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న మనిషి కళ్లకి వెలుగు కొట్టకూడదు. అంటే ఎదురుగా వచ్చే బండి డ్రైవరు కన్నన్నమాట. ఒక లైటుకి గోనెసంచి కప్పి రెండోది, తర్వాత దానికి కప్పి మొదటిది, గోడ మీద సుద్దతో గీతలు గీసి సెట్ చేశారు. అంబాసిడర్‌కి వెనక స్ప్రింగు పట్టీలు కాబట్టి వెనక సీట్లో ముగ్గురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా వేస్తే ముక్కు లేస్తుంది, లైటూ లేస్తుంది, అందుకని ఇంకో కొంచెం కిందికే ఉంచారు.

ఎల్ఈడీ బల్బులు వేసేయమని అడిగా. వెయ్యనన్నారు. ఈ రిఫ్లెక్టర్ హాలోజన్ ఫిలమెంట్ కోసం చేసినది, ఎల్ఈడీ పెడితే వెలుగు చెదిరి మళ్లీ ఎదుటివాడి కళ్లలోకే పోతుంది, అలాంటప్పుడు ఇంతసేపు ఈ స్క్రూలతో కుస్తీ పట్టడం దేనికి అన్నారు. పాత 60/55 వాట్ల హాలోజన్ బల్బులే ఉంచేశా.

రెండు లైట్లకీ కలిపి 900 తీసుకున్నారు, సామాను విడిగా. ఫోన్‌పే ఉంది. బిల్లు అడిగితే చీటీ మీద రాసిచ్చారు, జీఎస్‌టీ గట్రా ఆశించొద్దు. ఇక మార్కులు ఎందుకు తగ్గించానంటే, ఫోన్ ఎత్తరు. పొద్దున పది అంటే పదకొండున్నర. మధ్యాహ్నం భోజనానికి షట్టర్ వేస్తే ఎప్పుడు తీస్తారో పక్క షాపువాళ్లకి కూడా తెలియదు. కుడివైపు క్రోమ్ రింగు తీసేటప్పుడు కుర్రాడు గీత పెట్టాడు, చూపిస్తే "పాలిష్ చేస్తే పోద్దిలే సార్" అన్నాడు, పోలేదు. రింగు కింద రబ్బరు పాతదే మళ్లీ వేశారు, అది నేనే విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. మీరు వెళ్తే రబ్బర్లు కూడా మార్చమని ముందే చెప్పండి, లేకపోతే నీళ్లు మళ్లీ ఆ గిన్నెలోకే.

గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు సాయంత్రం రాకండి, బెంజ్ సర్కిల్ దాటేసరికే షెడ్డు కట్టేస్తారు. ఒక రాత్రి బండి అక్కడే ఉంచాలి కాబట్టి తిరిగి వెళ్లే ఏర్పాటు చూసుకుని రండి. శనివారం ఇస్తే సోమవారమే, ఆదివారం సెలవు.