మెక్సికోలోని కొజుమెల్ దీవిలో క్రూజ్ షిప్ ప్రయాణికులకి అమ్ముతున్న 5కే (5 కిలోమీటర్ల) ఫన్ రన్ బుక్ చేసేముందు ఇది చదవండి

నిన్న జరిగింది ఇది, ఇంకా కోపం తగ్గలేదు, తగ్గేదాకా ఆగితే ఈలోపు ఇంకో షిప్ వాళ్లు అక్కడ దిగి డబ్బు పోగొట్టుకుంటారని ఇప్పుడే రాస్తున్నా. ఎవరి గురించో పేరు పెట్టట్లేదు, కానీ పసుపు టీషర్టులు వేసుకుని సముద్రం పక్కన నవ్వుతూ పరిగెత్తేవాళ్ల ఫొటోలు పెట్టి, బిబ్ (టీషర్టుకి పిన్నులతో పెట్టుకునే నంబర్ కాగితం), మెడల్, నీళ్లు, బ్యాగులు మేమే చూసుకుంటాం, చివర్లో మీ షిప్ దగ్గరే దింపుతాం అని అమ్ముతున్నారు కదా, వాళ్లే. ఆ ఫొటోలు చూసినవాళ్లకి అర్థమైపోతుంది.

కొజుమెల్ అంటే 2009 నుంచి ఐరన్‌మ్యాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) జరిగే దీవి, రోడ్డు చదునుగా ఉంటుంది, పక్కనే సముద్రం, సరదాగా ఒక 5కే అంటే ఎవరికైనా వెళ్లాలనే ఉంటుంది. అక్క నడుస్తానంది, నేను మెల్లగా పరిగెత్తుదామనుకున్నా, నడిచేవాళ్లు కూడా రావచ్చని వాళ్లే రాశారు.

అసలు గొడవ టైమ్ దగ్గర. మాది ఫ్లోరిడా నుంచి బయల్దేరిన షిప్. కొజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రంలో 2015 నుంచి ఏడాదంతా ఒకటే టైమ్, వేసవిలో గడియారం ముందుకి జరపరు, ఫ్లోరిడాలో జరుపుతారు. మా షిప్‌లో గడియారాలు మార్చలేదు, అంటే షిప్‌లో 11 అయితే ఒడ్డున 10. ఇది ముందే తెలుసు కాబట్టే డబ్బు కట్టేముందు మెసేజ్ పెట్టి మరీ అడిగా, 10 గంటలకి మొదలు, 12కి పియర్ (షిప్ ఆగే రేవు) దగ్గర దింపడం అంటున్నారు కదా, ఇది షిప్ టైమేనా అని. "అవును, షిప్ టైమే, నిశ్చింతగా రండి" అని నిర్వాహకుడు జవాబిచ్చాడు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది.

మా ఆల్ అబోర్డ్, అంటే అందరూ షిప్ ఎక్కేయాల్సిన గడువు, షిప్ టైమ్ ప్రకారం 1.30. పన్నెండుకి దింపితే గంటన్నర మిగులుతుంది కదా, ఇంకేం భయం. తీరా వెళ్తే అక్కడ స్టార్ట్ లైన్ లేదు, రోడ్డు పక్కన ఒక వ్యాన్, దాని ముందు ఒక బల్ల. బ్యాగులు తీసుకుని వ్యాన్‌లో పెట్టి తాళం వేసేశారు. పది దాటింది, పదిన్నర అయింది, ఎందుకు మొదలుపెట్టట్లేదంటే ఇంకో షిప్ వాళ్లు రావాలి అంటారు. వాళ్లు పదకొండు తర్వాత తీరుబడిగా వచ్చారు, అడిగితే వాళ్లది టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి వచ్చిన షిప్పంట, వేసవిలో ఆ షిప్ టైమూ ఒడ్డు టైమూ ఒకటే, వాళ్ల లెక్కలో పది దాటి కొద్ది నిమిషాలే అయింది. అప్పుడు అర్థమైంది, రన్ మొత్తం ఒడ్డు టైమ్ మీదే పెట్టుకుని, మాకు మాత్రం షిప్ టైమ్ అని చెప్పి డబ్బు తీసుకున్నారని. వెళ్లిపోదామంటే బ్యాగులు లోపల, తాళం చెవి ఉన్నవాడు ఇప్పుడే వస్తాడు ఇప్పుడే వస్తాడు అంటూ జరిపారు.

మొదలయ్యేసరికి షిప్ టైమ్ 11.40. ఆ ఎండలో, ఆ ఉక్కలో మూడో కిలోమీటర్ దగ్గర ఉండాల్సిన నీళ్ల బల్ల లేదు. అక్క ముఖం ఎర్రబడిపోయింది, నేను పరుగు మానేసి తనతోనే నడిచా. ఫినిష్ మా పియర్ దగ్గర కాదు, ఊళ్లో. కొజుమెల్‌లో షిప్‌లు ఆగే పియర్లు మూడు, ఊళ్లో ఉన్నది పుంటా లాంగోస్టా ఒక్కటే, మా షిప్ ఆగింది ప్వెర్టా మాయాలో, నాలుగైదు కిలోమీటర్లు దక్షిణాన. మెడల్ అని చేతిలో పెట్టింది చూస్తే మధ్యలో గుండ్రటి స్టిక్కర్, చెమట చేత్తో పట్టుకోగానే అంచు లేచింది, కింద ఏదో వేరే పరుగు పేరు.

మెడల్ పోతే పోయింది, నాకు నిద్ర పట్టనివ్వనిది తర్వాత జరిగింది. షిప్ టైమ్ 12.50, వ్యాన్ అక్కడే ఉంది, బ్యాగులు ఇవ్వమన్నా. గ్రూప్ ఫొటో అయ్యాక ఇస్తామన్నాడు ఆ నిర్వాహకుడు. అయ్యా, మా షిప్ ఇంకో నలభై నిమిషాల్లో తలుపులు మూసేస్తుంది, షిప్ కార్డులు, ఫోన్లు అన్నీ అందులోనే ఉన్నాయి అన్నా. వేలికి తాళం చెవి రింగు తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు, నా వైపు చూడను కూడా చూడలేదు. "ఇక్కడ దీవి టైమే, మీ షిప్ సంగతి నాకెందుకు" అన్నాడు. నువ్వే కదా షిప్ టైమ్ అని రాసిచ్చావంటే, ముందుగా బ్యాగు తీసుకోవాలంటే డ్రైవర్‌కి విడిగా కట్టాలి అన్నాడు. అక్క రోడ్డు అంచున కూర్చుండిపోయి ఉంది, కళ్లు తిరుగుతున్నాయంటోంది, అది చూస్తూ చెప్పాడు ఆ మాట. మన బ్యాగు మనకివ్వడానికి డబ్బడగడం ఏంటి? బిబ్ వెనక పిన్ను పెట్టి దాచుకున్న నోట్లు తీసి చేతిలో పెట్టా. వ్యాన్ అప్పటికప్పుడే తెరుచుకుంది, ఫొటో గిటో ఏం అడ్డురాలేదు.

టాక్సీ పట్టుకుని పడుతూ లేస్తూ గ్యాంగ్‌వే (షిప్ ఎక్కే దారి) చేరాం, ఎక్కేశాం. పొద్దున్న డబ్బు తిరిగివ్వమని అడిగితే ఈవెంట్ పూర్తయింది కాబట్టి రిఫండ్ లేదు అని ఒక్క ముక్క పంపి బ్లాక్ చేశాడు. కార్డు కంపెనీలో ఫిర్యాదు పెట్టా, ఆ స్క్రీన్‌షాట్‌తో సహా. డ్రైవర్ పేరుతో లాక్కున్నది నగదు, అది రాదు.

ఒడ్డున పరిగెత్తాలనిపిస్తే షిప్ వాళ్లే పెట్టేదానికి వెళ్లండి. బహామాస్‌లో కాస్ట్‌అవే కే అనే తమ దీవిలో డిస్నీ షిప్ వాళ్లు పెట్టే 5కే కి అసలు డబ్బే తీసుకోరు. షిప్ ద్వారా బుక్ చేసిన టూర్ ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, లేదా తర్వాతి పోర్ట్‌కి వాళ్లే పంపిస్తారు. బయట బుక్ చేస్తే షిప్ మన కోసం ఆగదు, తర్వాతి పోర్ట్‌కి ఖర్చు మనదే. షిప్ కార్డ్, ఐడీ ఎవరి వ్యాన్‌లోనూ పెట్టకండి, నడుముకి కట్టుకునే చిన్న పౌచ్‌లో ఉంచుకోండి. ఫోన్ ఒడ్డు టవర్ పట్టుకోగానే టైమ్ మార్చేసుకుంటుంది, అందుకని మామూలు చేతి గడియారం ఒకటి షిప్ టైమ్‌లో పెట్టుకోండి. షిప్‌లో రోజూ ఇచ్చే కాగితంలో పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో షిప్ తరఫున పని చూసే మనిషి) నంబర్ ఉంటే దాన్ని చేత్తో రాసుకుని ఆ పౌచ్‌లోనే పెట్టుకోండి, ఫోన్ తాళం వేసిన వ్యాన్‌లో ఉంటే అందులో తీసుకున్న ఫొటో దేనికీ పనికిరాదు.

ఇప్పటికే వీళ్లకి డబ్బు కట్టేసినవాళ్లు ఇవాళే మెసేజ్ పెట్టండి, మీ షిప్ టైమ్, ఒడ్డు టైమ్ రెండూ పక్కపక్కన రాసి, ఏ పియర్ దగ్గర ఎన్ని గంటలకి దింపుతారో అడగండి. సూటిగా చెప్పకపోతే వెంటనే క్యాన్సిల్ చేసేయండి.