సూర్యలంక సరే, బాపట్ల వ్యవసాయ కాలేజీ కూడా చూసి రండి

బాపట్లలో మేం దిగిన లాడ్జి పేరు రాయను గానీ, ఫోన్లో 1,800 అన్న ఏసీ గది కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి 2,400 అయింది. "వీకెండ్ కదండీ" అన్నాడు. ఆరోజు గురువారం! పిల్లలు అప్పటికే సోఫాలో నిద్రపోయారు, ఏం చేస్తాం, కట్టేశాం. ఏసీ రిమోట్‌కి 500 డిపాజిట్టు, బకెట్ వేడినీళ్లకి 30. తెల్లారి ఖాళీ చేస్తుంటే ఆ 500లో 100 కోశాడు, రిమోట్ మీద గీత పడిందట. మా ఆవిడ రిమోట్ కౌంటర్ మీద పెట్టి, ఆ గీత ఎక్కడుందో చూపించమంది. గీతా చూపించలేదు, వందా ఇవ్వలేదు. ఎక్కడ దిగినా గది చూసి, రసీదు చేతికొచ్చాకే డబ్బు తీయండి.

సూర్యలంక బీచ్‌కి ఆటో రానూపోనూ 350. పిల్లలు ఖుషీ.

బావగారు మాత్రం ముఖం మాడ్చుకునే ఉన్నారు. ఏళ్ల తరబడి బీపీటీ 5204, అదే ఈ బాపట్లలో పుట్టిన సాంబమసూరి వరి, వేస్తున్న రైతాయన, వచ్చిందే కాలేజీ కోసం. ఆంధ్ర ప్రాంతంలో మొదటి వ్యవసాయ కాలేజీ ఇదే, 1945లో పెట్టారు. అంతకుముందు మనవాళ్లు ఈ చదువుకి కోయంబత్తూరు పోవాల్సి వచ్చేది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి చేరింది.

ఆఫీసులో అడిగితే టికెట్టూ గికెట్టూ లేదు, ఒక కుర్రాణ్ణి తోడిచ్చి పొలం చూపించారు. పని దినాల్లో పొద్దున్నే వెళ్లి అడగండి.

బావగారు చెప్పులు గట్టు మీద వదిలేసి మడిలోకి దిగారు. వెన్ను ఒకటి అరచేతిలోకి తీసుకుని, గింజ పంటికింద కొరికి, "ఇంకో వారం ఆగాలి బాబూ" అన్నారు. పొద్దుట్నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మంచిమాట అది. కుర్రాడు హుషారుగా చెప్పుకుపోయాడు: 1986లో విడుదలైన ఈ సాంబమసూరికి కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, మసూరి, మూడూ పూర్వీకులే.

"రుచికి తిరుగులేదు బాబూ, కానీ అగ్గితెగులు, ఎండాకు తెగులు, పైగా గాలొస్తే పడిపోద్ది. మందులకే సరిపోతోంది మాకు" అని బావగారు కుర్రాణ్ణి నిలబెట్టి కడిగేశారు. ఎండాకు తెగులు తట్టుకునే సాంబమసూరి 2008లోనే హైదరాబాద్ నుంచి వచ్చిందని అతను సర్దిచెప్పాడు. "మరి అగ్గితెగులు సంగతి?" అన్నారు ఈయన. మధ్యలో నేను స్వర్ణ వరి కూడా ఇక్కడిదేనా అన్నాను. "అది మార్టేరుది బావా, ఎంటీయూ 7029" అని ఇద్దరూ ఒక్కటై నా మీద పడ్డారు. అన్నం తినడమే గానీ అది ఏ ఊళ్లో పుట్టిందో మనకెందుకు తెలుస్తుంది!

మధ్యాహ్నం ఓ మెస్సులో ఫుల్ మీల్స్ 110. పాత బీపీటీ బియ్యం, మెతుకు మెతుకూ విడివిడిగా. బావగారు గోంగూరతో మారు వడ్డించుకున్నారు, దానికి విడిగా డబ్బు అడగలేదు. పెరుగు మాత్రం పులుపు. బయట 15 పెట్టి ప్యాకెట్ కొనుక్కుని వెళ్లండి.