ఫ్లామ్ రూజ్ బోర్డ్ గేమ్ రివ్యూ: బ్రేక్‌అవేని ఎందుకు వదిలేస్తారో ఇది ఆడాకే తెలిసింది

ఫ్లామ్ రూజ్ కొని ఏడాది దాటింది. దాదాపు ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బయటకి తీస్తున్నాం, పిల్లలూ పెద్దలూ కలిపి ఓ యాభై ఆటలైనా అయ్యుంటాయి, అందుకే ఇప్పుడు రాస్తున్నా, కొత్త మోజులో రాస్తున్నది కాదు. సైకిల్ రేసుల్లో ఆఖరి కిలోమీటరు మొదలయ్యే చోట రోడ్డు మీద ఎర్ర జెండా వేలాడదీస్తారు, దాన్నే ఫ్రెంచ్‌లో ఫ్లామ్ రూజ్ అంటారు, ఆటకి ఆ పేరే పెట్టారు. 2016లో ఫిన్లాండ్ వాళ్ళ లౌతాపెలిట్ కంపెనీ తెచ్చింది, తయారు చేసింది డెన్మార్క్ డిజైనర్ ఆస్గర్ హార్డింగ్ గ్రానెరూడ్. పెట్టె మీదా బోర్డు మీదా బొమ్మలన్నీ పాతకాలం పోస్టర్లలా ఉంటాయి, చాలా బాగుంటాయి, మా అక్క అయితే ఆ పెట్టెని షోకేసులోనే పెడుతుంది.

అసలు నేను ఇది కొనడానికి కారణం మా బావ అడిగిన ఒక ప్రశ్న. 2023 వుయెల్తా చూస్తున్నాం, స్పెయిన్‌లో మూడు వారాలు జరిగే రేసు, 21 స్టేజీలు, అంటే రోజుకో రేసు, అన్ని రోజుల టైమ్ కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళే విజేత. ఆగస్టు 31న ఆరో స్టేజి, 183 కిలోమీటర్లు, చివర్లో హవలాంబ్రె దగ్గర కొండ మీదున్న అబ్జర్వేటరీ దాకా ఎక్కాలి. స్టేజి మొదట్లోనే నలభై మంది దాకా గుంపులోంచి ముందుకి జారుకున్నారు, దీన్నే బ్రేక్‌అవే అంటారు, అందులో జంబో-విస్మా టీమ్ సెప్ కుస్ ఉన్నాడు. కుస్ అంటే అప్పటిదాకా టీమ్ లీడర్లు రోగ్లిచ్, వింగెగార్డ్‌ల కోసం కొండల మీద ముందుండి లాగే మనిషి, ఆ ఏడాది రోగ్లిచ్ ఇటలీ రేసు జిరో గెలిచినప్పుడూ వింగెగార్డ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచినప్పుడూ పక్కనే ఉండి లాగింది ఇతనే. ఆ రోజు కుస్ స్టేజి గెలిచాడు. 26 సెకన్ల వెనక వచ్చిన ఫ్రెంచ్ కుర్రాడు లెనీ మార్టినెజ్‌కి, 20 ఏళ్ళ వాడికి, మొత్తం టైమ్‌లో ముందున్నవాడు వేసుకునే ఎర్ర జెర్సీ వచ్చింది, మొత్తం లెక్కలో కుస్ అతని కన్నా 8 సెకన్లే వెనక. రోగ్లిచ్, వింగెగార్డ్ రెండున్నర నిమిషాల పైన ఆలస్యంగా వచ్చారు, పొద్దున ఎర్ర జెర్సీతో బయల్దేరిన రెమ్కో ఎవెనెపోల్ వాళ్ళకన్నా ఇంకో అర నిమిషం వెనక.

బావ అప్పుడు అన్నాడు, "అంతమంది పెద్దోళ్ళు వెనకాల ఉండి, వాడిని అలా ఎలా పోనిచ్చార్రా? కొంచెం గట్టిగా తొక్కితే పట్టుకునేవాళ్ళే కదా!" నేను గాలి గురించి, వెనక ఉంటే ఎంత బలం ఆదా అవుతుందో దాని గురించి అరగంట చెప్పా, తల ఊపాడు గానీ అర్థం కాలేదని మొహం చూస్తే తెలిసింది. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద ఎవరి వెనకైనా పది నిమిషాలు తొక్కినవాళ్ళకి ఒంటికే తెలుస్తుంది, ముందుకి రాగానే కాళ్ళ మీద రాయి పెట్టినట్టుంటుంది. బావ సైకిల్ ఎక్కడు. కాబట్టి ఈ గేమ్ తెప్పించా.

ఆట చాలా సింపుల్. ఒక్కొక్కరికి ఇద్దరు రైడర్లు, ఒకడు రూలర్ అంటే ఒకే ఊపులో గంటలకొద్దీ లాగేవాడు, ఇంకోడు స్ప్రింటర్. ఒక్కొక్కడికి 15 ముక్కల కట్ట. రూలర్ కట్టలో 3 నుంచి 7 దాకా మూడేసి ముక్కలు, స్ప్రింటర్‌కి 2, 3, 4, 5 మూడేసి, తర్వాత ఏకంగా 9లు మూడు. ప్రతి రౌండ్‌లో నాలుగు ముక్కలు తీసి ఒకటి బోర్లా పెట్టాలి, మిగతా మూడూ కట్ట అడుక్కి పోతాయి, ఆడిన ముక్క మాత్రం ఆ స్టేజికి ఇక తిరిగి రాదు. అందరూ ఒకేసారి తిప్పుతారు, ముందున్నోడి నుంచి మొదలుపెట్టి ఎన్ని ఉంటే అన్ని గడులు కదులుతారు. అంతే. పన్నెండేళ్ళ మా మేనల్లుడికి పది నిమిషాల్లో వచ్చేసింది.

అసలు సంగతి కదిలాక జరిగే దాంట్లో ఉంది. నీ గుంపుకీ ముందు గుంపుకీ మధ్య సరిగ్గా ఒక్క గడి ఖాళీ ఉంటే నువ్వు ఊరికే ఒక గడి ముందుకి జరిగి అతుక్కుంటావు. గాలి చాటు అన్నమాట. నీ ముందు గడి ఖాళీగా ఉంటే మాత్రం, అంటే గాలి నీకే తగులుతుంటే, ఆ రైడర్ కట్టలోకి ఒక అలసట ముక్క వచ్చి చేరుతుంది, దాని విలువ 2. అది పారిపోయినోడికీ వస్తుంది, వెనక గుంపు ముందు నిలబడి తరిమేవాడికీ వస్తుంది. ఈ రెండో మాటలోనే ఆట మొత్తం ఉంది, నిజం రేసు కూడా ఇక్కడే ఉంది. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరు? ఎవడో ఒకడు గుంపు ముందుకొచ్చి ఆ 2లు తినాలి, తిన్నవాడి వెనక మిగతావాళ్ళు హాయిగా వస్తారు, చివర్లో వాడినే దాటేసి పోతారు. అందుకే ఎవడూ ముందుకి రాడు, పారిపోయినోడు పారిపోతూనే ఉంటాడు.

మేం పోయిన వేసవిలో ఇంట్లోనే ఐదు స్టేజీల టూర్ పెట్టుకున్నాం, వారానికో స్టేజి. నేను, అక్క, బావ, మేనల్లుడు. మా ఇంటి రూలు ఏంటంటే ఒక రౌండ్ ఆలస్యమైతే నిమిషం, ఒక గడికి పది సెకన్లు, స్టేజిలో పోగైన అలసట ముక్కల్లో సగం తర్వాతి వారానికి కూడా కట్టలోనే ఉంటాయి. లెక్క ఒక పాత నోట్‌బుక్‌లో రాసేవాళ్ళం. మొదటి స్టేజికి అక్క ముందుంది. రెండోది పూర్తిగా చదును రోడ్డు, స్ప్రింటర్లది అనుకున్నాం. మొదటి రౌండ్‌లోనే మా మేనల్లుడు రూలర్‌తో 7 వేశాడు, రెండో రౌండ్‌లో మళ్ళీ 7, తర్వాత 6. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బావ "లీడ్ నీది కదా, లాగాల్సింది నువ్వే" అన్నాడు అక్కతో, అక్క "నేనెందుకు లాగుతా, లాగితే నా వెనక కూర్చుని గెలిచేది నువ్వు" అంది, నేను ఇద్దరి వెనకా కిమ్మనకుండా 3లు, 4లు వేసుకుంటూ పోయా. ముగ్గురం మంచి ముక్కలు దాచుకున్నాం. వాటిని వాడే అవకాశం రాకముందే వాడు గీత దాటేశాడు, మొత్తం లెక్కలో అక్క కన్నా 2 నిమిషాల 40 సెకన్లు ముందు.

ఆ ఒక్క ఆదివారంతో మిగతా మూడు వారాల ఆటే మారిపోయింది. అప్పటిదాకా అక్కా బావా ఒకరి మీద ఒకరు కన్నేసి ఉన్నవాళ్ళు కాస్తా మూడో వారం కొండ స్టేజికి పొత్తు కలిశారు, ఒక రౌండ్ నువ్వు ముందు ఒక రౌండ్ నేను అని. కొండ గడుల్లో ఎంత పెద్ద ముక్క వేసినా 5 కన్నా ఎక్కువ కదలరు, గాలి చాటు కూడా ఉండదు, ఎవడి కాళ్ళు వాడివే. మావాడు నాలుగు ముక్కలు తీస్తే అందులో మూడు 2లు! వాడు ఆ ముక్కల్ని గుండెకి ఆనించుకుని ఏమీ మాట్లాడకుండా మెల్లగా ఒకటి పెట్టాడు చూడండి, ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. ఆ వారం నిమిషం పది సెకన్లు పోయింది, నాలుగో వారం ఇంకో నిమిషం, ఆఖరి వారం పది సెకన్లు. ఇంకా 20 సెకన్లు మిగిలాయి, గెలిచాడు. నాలుగో స్టేజి మాత్రం నాది, ఎందుకంటే వాళ్ళిద్దరూ వాడిని తరుముతూ ముక్కలన్నీ అరగదీసుకుంటే నేను చాటున వచ్చా, నిజం రేసుల్లో కూడా ఇలా మూడోవాడికి లాభం దొరకడం మామూలే.

లాగే పని ఎవరిది అన్న గొడవకి నిజం రేసుల్లో ఇంతకన్నా పెద్ద ఉదాహరణ 2006 టూర్. 13వ స్టేజి, బెజియే నుంచి మోంటేలిమార్, 230 కిలోమీటర్లు, ఎండ మండిపోతోంది. టూర్‌లో లీడర్ వేసుకునే ఎల్లో జెర్సీ ఫ్లాయిడ్ లాండిస్ దగ్గరుంది, జెర్సీని కాపాడుకుంటూ రోజూ లాగడం కన్నా కొన్నాళ్ళు వేరేవాళ్ళ దగ్గర ఉంటేనే నయం అని అతని టీమ్ అనుకుంది. బ్రేక్‌లో ఆస్కార్ పెరెయిరో ఉన్నాడు, పొద్దున లాండిస్‌కి దాదాపు 29 నిమిషాలు వెనక ఉన్నవాడు, వాడితో ఏం భయం అనుకున్నారు. స్టేజి యెన్స్ వోయ్‌ట్ గెలిచాడు, పెరెయిరో రెండు, గుంపు వచ్చేసరికి 29 నిమిషాల 57 సెకన్లు! జెర్సీ పెరెయిరోకి పోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోడానికి లాండిస్ చాలా కష్టపడాల్సి వచ్చింది, పారిస్‌లో వాళ్ళ మధ్య తేడా 57 సెకన్లే. తర్వాత డోపింగ్‌లో లాండిస్ దొరికిపోవడంతో ఆ టూర్ పెరెయిరో పేరు మీదే ఉంది. 1990 టూర్‌లో ఇటలీ రైడర్ కియాపూచీ కూడా ఇలాగే, మొదటి స్టేజిలోనే ఇంకో ముగ్గురితో కలిసి పది నిమిషాల పైన సంపాదించాడు, గ్రెగ్ లెమాండ్ దాన్ని కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ వచ్చి చివరి ముందు రోజు, ఒక్కొక్కరే విడిగా తొక్కే టైమ్ ట్రయల్‌లో గానీ దాటలేకపోయాడు.

కుస్‌ది వీళ్ళకన్నా గట్టి కేసు. వాడు పారిపోయాక రోగ్లిచ్, వింగెగార్డ్ వెనక ఖాళీగా కూర్చోవచ్చు, మా టీమ్ వాడే ముందున్నాడు మేమెందుకు లాగాలి అని, లాగాల్సిన భారమంతా ఎవెనెపోల్ టీమ్ మీద పడింది. పైగా కుస్‌కి కొండలు కొట్టినపిండి, వచ్చిన టైమ్ వారంలో కరిగిపోయే రకం కాదు. ఎనిమిదో స్టేజికి ఎర్ర జెర్సీ వేసుకున్నాడు, సెప్టెంబరు 17న మాడ్రిడ్ దాకా విప్పలేదు. ఎవెనెపోల్ 13వ స్టేజిలో పూర్తిగా కూలిపోయి 27 నిమిషాలు పోగొట్టుకున్నాడు.

ఇక్కడే ఆటలో ఒక లోటు కనిపిస్తుంది. ఇద్దరు రైడర్లూ నీవాళ్ళే కాబట్టి వాళ్ళ మధ్య మనసు కష్టం ఉండదు. అదే సెప్టెంబరు 13న అంగ్లిరు కొండ మీద, 20 శాతం దాటిన ఏటవాలు, మంచు పొగ, సొంత టీమ్ వాళ్ళే ఇద్దరూ కుస్‌ని వదిలేసి పైకి పోయారు. కుస్ వేరే టీమ్ రైడర్ మికెల్ లాండా చక్రం పట్టుకుని ఎలాగోలా పైకొచ్చాడు, 19 సెకన్లు పోయాయి, జెర్సీకి 8 సెకన్లే మిగిలాయి. అన్నేళ్ళు ఎవరి కోసం లాగాడో వాళ్ళ వీపులు దూరమవుతుంటే చూడడం నాకు నిజంగా బాధేసింది, బావ టీవీ ముందు లేచి నిలబడిపోయాడు. తర్వాత టీమ్ కుస్‌నే గెలిపించాలని నిర్ణయించుకుంది, చివరికి వింగెగార్డ్ కన్నా 17 సెకన్లతో గెలిచాడు, రోగ్లిచ్ మూడు. ఇలాంటిది బోర్డు మీద కావాలంటే నలుగురూ రెండు జట్లుగా ఆడి రైడర్లని చెరొకరు పంచుకోండి, మేం అలా రెండుసార్లు ఆడాం, అక్కా బావా ఒకే జట్టు, మధ్యాహ్నమంతా వాదనే.

ఇంకో మంచి విషయం దిగుడు గడులు. అక్కడ ఎంత చిన్న ముక్క వేసినా కనీసం 5 గడులు కదులుతారు, అంటే అలసట 2లని వదిలించుకోడానికి అదే చోటు. ఈ కిటుకు మా మేనల్లుడే ముందు కనిపెట్టాడు.

నచ్చనివి కూడా చెప్తా. రూలర్, స్ప్రింటర్ బొమ్మలు దూరం నుంచి ఒకేలా ఉంటాయి, సాయంత్రం లైటు తక్కువుంటే ఏది ఏదో వంగి చూసుకోవాలి. ట్రాక్ పలకలు జతపెట్టుకునేవి, ఒకడి మోచెయ్యి తగిలిందంటే రేసంతా వంకర. రూల్స్ తెలుగులో లేవు, ఒకళ్ళు చదివి చెప్పాలి. దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కువే, నాకు ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్ళు పెట్టె ఒక మూల నలిగిపోయింది పంపారు, మార్చమంటే రెండు వారాలు తిప్పారు, లోపల అన్నీ బాగానే ఉన్నాయని చివరికి ఉంచేసుకున్నా. మామూలు పెట్టెలో నలుగురే ఆడగలరు, ఐదుగురు ఆరుగురు కావాలంటే పెలోటాన్ అనే ఎక్స్‌టెన్షన్ కొనాలి, రాళ్ళ రోడ్లూ, వేలం లాగా ముక్కలు పందెం కాసి బ్రేక్‌అవేలో ముందు నుంచి మొదలయ్యే పద్ధతీ అందులోనే ఉన్నాయి. కానీ అది వెంటనే కొనొద్దు. వేలంలో గెలిచిన బ్రేక్‌ కన్నా ఎవరూ అనుకోకుండా మూడు రౌండ్లలో పుట్టిన బ్రేక్‌ రుచి వేరు, ముందు అది ఓ పది ఆటలు చూడండి.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఒక్క స్టేజి ఆడి పక్కన పెట్టేస్తే మాత్రం సగం ఆటే చూసినట్టు, కనీసం మూడు వారాలు లెక్క రాసుకుంటూ ఆడండి. మా బావ ఈ మధ్య రేసు చూస్తూ బ్రేక్ రెండు నిమిషాలు దాటగానే "ఇప్పుడు లాగాల్సింది ఎవర్రా?" అని అడుగుతున్నాడు.