కోళ్ల మేత షెల్ గ్రిట్: మలావి సిక్లిడ్ల ట్యాంకుకు ఎంతవరకు పనికొస్తుంది?

గుడ్డు పెంకు గట్టిగా రావాలని లేయర్ కోళ్ల మేతలో ఆల్చిప్పల నలుసు కలుపుతారు. కోళ్ల మేత అమ్మే దుకాణంలో షెల్ గ్రిట్ అంటే కిలోల లెక్కన కట్టిస్తారు. ఇది దాదాపు పూర్తిగా కాల్షియం కార్బనేటే. మలావి లాంటి ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్ చేపల కోసం అక్వేరియం షాపులు చిన్న ప్యాకెట్లలో అమ్మే సరుకు చేసే పనే ఇదీ చేస్తుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ. కేహెచ్ (ఆమ్లాన్ని అడ్డుకునే కార్బనేట్ల కొలత) పడిపోకుండా కాయడానికి ఇంతకన్నా మంచి సహజమైన సరుకు మన ఊళ్లలో దొరకడం కష్టం. అయితే చప్పటి ఆర్‌ఓ నీళ్లను మలావి సరస్సు నీళ్లుగా మార్చే పని దీనొక్కదానితో అయ్యేది కాదు.

ఎందుకు కాదో లెక్క చూస్తే తెలుస్తుంది. మలావి సరస్సులో పీహెచ్ 7.7 నుంచి 8.6 వరకు, కేహెచ్ సుమారు 6 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది. ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌తో సమానం. గుల్ల కరగాలంటే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కావాలి. గాలితో సమతూకంలో ఉన్న నీళ్లలో మూడు డిగ్రీలు దాటకముందే కరగడం ఆగిపోతుంది. చేపలూ బాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల ట్యాంకులో ఇంకాస్త ఎక్కువ వస్తుంది, అంతే. ఎంత గ్రిట్ పోసినా ఆ గీత పెద్దగా కదలదు. కిలో వేస్తే కుదరలేదని ఇంకో కిలో వేసేవాళ్లు చూడాల్సింది ఈ సంగతే.

అందుకే పెంచే పని వంట సోడాది, నిలబెట్టే పని గుల్లది. వంద లీటర్లకు 3 గ్రాముల వంట సోడా వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. చాకలి సోడా వద్దు, బేకింగ్ పౌడర్ అసలే వద్దు. సోడా జీహెచ్‌ను (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంల కొలత) పెంచదు. గుల్ల పెంచుతుంది గానీ ఇచ్చేది కాల్షియమే, మెగ్నీషియం నామమాత్రం. ఆ లోటుకు ఎప్సమ్ సాల్ట్ ఉంది: వంద లీటర్లకు 4.4 గ్రాములు వేస్తే జీహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది.

మరి ఇవన్నీ ఉండగా గుల్ల దేనికి? చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను బాక్టీరియా నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది, అది రోజూ కేహెచ్‌ను తినేస్తుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం కార్బనేట్ విలువ ఖర్చవుతుంది. ఎంబూనాలను (మలావి సరస్సు రాళ్ల మధ్య బతికే సిక్లిడ్లను) కిక్కిరిసేలా పెంచే ట్యాంకులో ఇది చిన్న ఖర్చేమీ కాదు. పీహెచ్ కిందికి జారేకొద్దీ గుల్ల ఎక్కువగా కరుగుతుంది, పైకి వచ్చాక తనంతట తానే ఆగిపోతుంది. చెయ్యి జారి ఎక్కువ పడుతుందన్న భయం లేదు. ఏ పొడి మందుకూ ఈ గుణం లేదు.

కొనేటప్పుడు కొన్ని చూసుకోవాలి. పప్పుగింజంత ముక్కలున్న సరుకు తీసుకోండి. సున్నపురాయి పొడి కోళ్ల మేతకు మంచిదే గానీ ట్యాంకును పాలలా చేసేస్తుంది. మినరల్ మిక్స్చర్ కలిపిన సంచీ వద్దు. అందులో డైకాల్షియం ఫాస్ఫేట్ ఉంటే నాచుకు పండగే. గుప్పెడు తీసి చూస్తే ఒకవైపు బూడిదరంగు గరుకు, ఇంకోవైపు ముత్యపు మెరుపు కనిపించాలి. ఒక ముక్క మీద వెనిగర్ చుక్క వేస్తే సన్నటి నురగ వెంటనే లేస్తుంది. సంచీ మూతి విప్పగానే ఎండు చేపల వాసన కొడితే ఎండిన మాంసం ఇంకా అంటుకుని ఉందని అర్థం. అలాగే వేస్తే ట్యాంకులో అమ్మోనియా పెరుగుతుంది. నీళ్లు తేటపడేదాకా కడిగి, ఇరవై నిమిషాలు ఉడికించి, రెండు రోజులు బకెట్లో నానబెట్టి నీళ్లు మారుస్తుండాలి. ఆ నీళ్ల టీడీఎస్ పెద్దగా పెరగకపోతే ఉప్పు వదిలినట్టే.

గుల్లే కదా అని గుల్ల సున్నం మాత్రం ఎప్పుడూ వేయకండి. కాల్చిన గుల్ల వేరే రసాయనం. నీళ్లలో పడితే పీహెచ్ 12 వరకు పోతుంది, ఒక్క చేప కూడా మిగలదు.

200 లీటర్ల ట్యాంకుకు అర కిలోతో మొదలుపెట్టండి. వల సంచీలో వదులుగా నింపి, ఫిల్టర్లో స్పాంజి తర్వాత, నీళ్లు గుండా పారే చోట పెట్టాలి. వారానికోసారి కేహెచ్ చూసి, నాలుగు వారాల తర్వాత కూడా అది నిలవక జారుతుంటే పావు కిలో కలపండి. అడుగున ఇసుకకు బదులు పరచడం మంచి ఆలోచన కాదు: అంచులు పదును, ఎంబూనాలు నోటితో తవ్వుతూనే ఉంటాయి, అవసరం తీరాక తీయడమూ కుదరదు. అడుగున నీళ్లు కదలవు కాబట్టి కరగడమూ తక్కువే.

ఎక్కువమంది పనిచేయడం లేదని వదిలేసేది రెండో మూడో నెలలో. ముక్కల మీద గోధుమరంగు జిగురు పొర పడుతుంది. రెండు వేళ్ల మధ్య నలిపితే పొర ఊడి లోపల తెల్లగా కనిపిస్తుంది. ఆ పొర ఉన్నంతకాలం నీళ్లు గుల్లను తాకవు. నెలకోసారి, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే సంచీని పిసికి కడిగితే చాలు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం పాత ట్యాంకులో ఉంది. చాలాకాలం పట్టించుకోక పీహెచ్ 6.5కి జారిన నీళ్లలో అమ్మోనియా ఉన్నా అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర విషపు రూపం ఒక శాతం లోపే, 8.2 దగ్గర పది శాతం. పీహెచ్ ఒక్కసారిగా పెంచితే ఆ అమ్మోనియానే విషమవుతుంది. కాబట్టి ముందు అమ్మోనియా పరీక్ష, కొద్దికొద్దిగా నీళ్ల మార్పు, ఆ తర్వాతే సోడా.

కోరల్ ముక్కలే కొందామనుకునేవాళ్లకు ఒక మాట. రీఫ్ కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, 2001లో చేర్చారు. మన తీరంలో ఏరిన పగడపు ముక్కలను ట్యాంకు కోసం కొనడం తప్పే. ఆ పని చేయకుండానే ఆల్చిప్పతో అదే ఫలితం వస్తుంది. కడప నాపరాయి కూడా సున్నపురాయే. గుహలు పేర్చడానికి అందంగా ఉంటుంది గానీ నున్నటి పలక కాబట్టి హార్డ్‌నెస్ మీద ప్రభావం తక్కువ.

బోరు నీళ్లు వాడేవాళ్లలో చాలామందికి ఇదంతా అక్కర్లేదు. అయితే టీడీఎస్ మీటర్ చూసి తేల్చుకోకండి, అది ఉప్పునూ కాల్షియాన్నీ వేరు చేసి చెప్పదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో కేహెచ్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉండడం మామూలే. చుక్కలు వేసి చూసే కేహెచ్, జీహెచ్ కిట్లు రెండూ కొనాలి. కేహెచ్ ఇప్పటికే 6 దాటితే గ్రిట్ జోలికి పోనక్కర్లేదు. డిస్కస్, ర్యామ్‌లు కూడా సిక్లిడ్లే గానీ ఖనిజాలు తక్కువున్న మెత్తటి నీళ్లవి, వాటి ట్యాంకులో ఈ సంచీ పెట్టకూడదు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు చేపలకు కేహెచ్ రెట్టింపు పైన కావాలి కాబట్టి అక్కడ భారమంతా సోడా, ఉప్పుల మీదే.

వారానికి పాతిక శాతం నీళ్లు మార్చేటప్పుడు కొత్త నీళ్లకు ముందు రోజే డ్రమ్ములో సోడా, ఎప్సమ్ కలిపి ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచండి. చప్పటి నీళ్లు నేరుగా పోస్తే సంచీలోని గుల్ల ఆ తేడాను గంటల్లో పూడ్చలేదు, దానికి రోజులు పడుతుంది.