ఉప్పునీళ్ల ఊరిలో గడ్డం బ్రష్: జంతువు వెంట్రుకా, సింథటిక్ పోగా?

అనంతపురంలో షేవింగ్ బ్రష్ గురించి చెప్పాలంటే ముందు నీళ్ల గురించి చెప్పాలి. మా ఇంటికి రెండు రకాల నీళ్లు వస్తాయి. పెన్నహోబిళం జలాశయం నుంచి మున్సిపల్ కుళాయికి వచ్చే నీళ్లు బోరునీళ్లంత గడుసుగా ఉండవు కానీ, అవి తాగడానికీ వంటకూ బిందెల్లో పట్టి పెట్టుకోవడానికే సరిపోతాయి. స్నానానికీ బట్టలకూ గడ్డానికీ మిద్దె మీది ట్యాంకులోని బోరునీళ్లే దిక్కు. ఆ నీళ్లు ఆరిన చోటల్లా, బకెట్ అంచు మీదా కుళాయి మూతి మీదా, తెల్లగా పొర కడుతుంది. గత మూడేళ్లుగా నేను పంది వెంట్రుకల బ్రష్‌నూ, బ్యాడ్జర్ వెంట్రుకల బ్రష్‌నూ, సింథటిక్ బ్రష్‌నూ ఈ బోరునీళ్లతోనే మార్చి మార్చి వాడుతున్నాను. బ్రష్ ఎంపికలో మెత్తదనం, అందం, ధర అని అందరూ చూసేవాటికంటే నీటి స్వభావమే పెద్ద విషయమని ఈ మూడేళ్లలో నాకు గట్టిగా తెలిసివచ్చింది.

కారణం సులువైనదే. గడ్డం సబ్బుల్లో ప్రధానంగా ఉండేది స్టియరిక్ ఆమ్లపు పొటాషియం లవణం. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం దానితో కలిసినప్పుడు నురగకు బదులు నీటిలో కరగని తెట్టు తయారవుతుంది. తాగునీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండాలనీ, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. మా బోరునీటిని నేను ఎప్పుడూ పరీక్ష చేయించలేదు. మంచినీళ్లతో ఒక చిటికెడు క్రీముకు వచ్చే నురగ బోరునీళ్లతో రావాలంటే రెట్టింపు క్రీము కావలసివస్తున్నదన్నది మాత్రం నా కళ్లముందున్న లెక్క. ఆ తెట్టు ముఖం మీద నుంచి కడిగితే పోతుంది కానీ, బ్రష్ మొదట్లో, కుచ్చు పిడిలోకి దిగే చోట, పోగుల మధ్య ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది.

మొదట పంది వెంట్రుకల బ్రష్ గురించి చెబుతాను, ఎందుకంటే మనలో చాలామంది ఇళ్లలో తాతల కాలం నుంచీ ఉన్నది అదే. డబ్బా మీద 'ప్యూర్ బ్రిజిల్' అని రాసి ఉంటే దాదాపుగా అది పంది వెంట్రుకేనని అర్థం చేసుకోవాలి. ఆ వెంట్రుక లావుగా, బిరుసుగా ఉంటుంది. కొత్తలో కొంత జంతువు వాసన వస్తుంది, చెంపకు గరుకుగా తగులుతుంది. వాడే ముందు కనీసం ఐదు నిమిషాలు నీళ్లలో నానబెట్టాలి. వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం వరకు నీటిని తనలోకే పీల్చుకోగలదు. అలా పీల్చుకుని ఉబ్బిన తర్వాతనే అది మెత్తబడుతుంది. కొన్ని వారాలు వరసగా వాడితే ప్రతి వెంట్రుక కొనా రెండుగా, మూడుగా చీలుతుంది. ఈ చీలిక లోపం కాదు, పంది బ్రష్‌కు ఉన్న గొప్ప గుణమే అది. చీలిన కొనలు చర్మాన్ని మెత్తగా తాకుతాయి, మొదలు మాత్రం గట్టిగానే నిలబడి బిళ్ల సబ్బు మీద నుంచి కావలసినంత సబ్బును ఎత్తుకుంటుంది. మా నాన్నగారి బ్రష్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే కొనల దగ్గర పొగమంచులాగా ఒక సన్నని తెల్లదనం కనిపిస్తుంది. అదంతా ఏళ్ల తరబడి వాడుకలో చీలిన కొనలే. కొత్త బ్రష్‌ను ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆ స్థితి మొదటిరోజే రాదు.

బ్యాడ్జర్ అనేది బొరియలు తవ్వుకుని బతికే ఒక చిన్న జంతువు. దాని వెంట్రుక నడుమ లావుగా ఉండి కొనకు వచ్చేసరికి సన్నబడుతుంది. కొన తెల్లగా, నడిమి పట్టీ నల్లగా, మొదలు మళ్లీ లేతరంగుగా ఉండడం దాని గుర్తు. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని దానికి తరగతులు చెబుతారు. ఇవి ఏ ప్రభుత్వమో నిర్ణయించినవి కావు, తయారీదారులు తమకు తాముగా పెట్టుకున్నవి, అందువల్ల ఒకరి 'బెస్ట్' మరొకరి 'సూపర్'కు సమానం కావచ్చు. నీటినీ వెచ్చదనాన్నీ పట్టి ఉంచడంలో బ్యాడ్జర్‌కు సాటి లేదని నేను నిజంగానే ఒప్పుకుంటాను. పుష్యమాసపు చలిలో, వేడినీళ్లలో ముంచిన బ్యాడ్జర్ బ్రష్‌ను గొంతు కింద తిప్పుతుంటే కలిగే హాయి మిగతా రెండింటిలో లేదు.

అయితే బ్యాడ్జర్ పేరుతో జరిగే మోసం చాలా ఎక్కువ. నేను మొదటిసారి ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలు పెట్టి కొన్న బ్రష్ మీద 'అసలైన బ్యాడ్జర్' అని ముద్రించి ఉంది, నలుపు తెలుపు పట్టీలు కూడా చక్కగానే ఉన్నాయి. ఆ పట్టీలు ప్రతి పోగు మీదా గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉండడం చూసి నాకు అనుమానం వచ్చింది. పట్టకారుతో మూడు పోగులు లాగి, గ్యాస్ పొయ్యిని సన్నమంటలో పెట్టి, ఒక్కొక్కటిగా మంట అంచుకు తాకించాను. నిజమైన వెంట్రుక అయితే చిటపటమని ముడుచుకుని, తల వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిపితే బూడిదలా రాలిపోవాలి. ఆ మూడు పోగులూ మాత్రం కరిగి, కొనన ఆవగింజలో సగమంత నల్లటి గట్టి ముత్యంలా బిగుసుకున్నాయి, ప్లాస్టిక్ వాసన వేశాయి. 'వాడిన వస్తువును వెనక్కి తీసుకోము' అని అమ్మినవారు రాసి పంపారు. సింథటిక్ పోగును సింథటిక్ అనే చెప్పి నాలుగు వందలకు అమ్మితే అది మంచి బ్రష్షే అయ్యేది. దానికి లేని పేరు పెట్టి అమ్మడం మీదనే నా అభ్యంతరమంతా. తర్వాత బెంగళూరు వెళ్లినప్పుడు ఒక దుకాణంలో, ఒక్క పోగు కాల్చి చూసుకోవడానికి ఒప్పుకున్న తర్వాతనే అసలైన బ్యాడ్జర్ బ్రష్ కొన్నాను. మీరు కొనేటప్పుడు కూడా అలా అడగడానికి మొహమాటపడకండి.

వెంట్రుకకు మారుపేరు పెట్టి అమ్మడం కొత్త సంగతి కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్యాడ్జర్ వెంట్రుక రాక ఆగిపోయినప్పుడు, గుర్రపు వెంట్రుకను సరిగా శుద్ధి చేయకుండానే బ్యాడ్జర్‌లా కనిపించేటట్టు బ్రష్‌లు కట్టి అమ్మారు. వాటి వల్ల బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కొందరికి ఆంత్రాక్స్ సోకింది. గొర్రెలను పెంచే మన జిల్లా రైతులు దొమ్మరోగం అని భయపడేది ఆ జబ్బుకే. ఇప్పుడు వెంట్రుకలను శుద్ధి చేసే వాడుతున్నారు కనుక ఆ భయం అక్కరలేదు గానీ, ఊరూపేరూ లేని అతి చవక వెంట్రుక బ్రష్‌ను నేను మాత్రం ముఖానికి తాకించను.

ఇక సింథటిక్. నైలాన్ మొట్టమొదట వాడుకలోకి వచ్చింది బ్రష్‌గానే. 1938లో అమెరికాలో టూత్‌బ్రష్‌లకు పంది వెంట్రుకల బదులు నైలాన్ పోగులు పెట్టారు. పాత నైలాన్ షేవింగ్ బ్రష్‌లు చీపురు పుల్లల్లా గుచ్చుకునేవి, నీళ్లు నిలుపుకునేవి కావు. చిన్నప్పుడు అంగట్లో వాటితో గడ్డం చేయించుకున్నవారికి సింథటిక్ అంటే ఇప్పటికీ అదే గుర్తు. ఇప్పుడు వస్తున్నవి వేరు. వీటిలో చాలావాటిని పీబీటీ అనే పాలిస్టర్ జాతి పోగుతో చేస్తారు, ఆ పోగుల కొనలను క్షార ద్రావణంలో ముంచి కరిగించి సూదిమొన కంటే సన్నగా చేస్తారు. అందువల్ల నడుము గట్టిగా ఉన్నా, ముఖానికి తగిలే కొన దూదిలా మెత్తగా ఉంటుంది. నా దగ్గర ఉన్నది 24 మిల్లీమీటర్ల కుచ్చు (పిడి దగ్గర కుచ్చు అడ్డుకొలత) ఉన్న బ్రష్, కొన్న ధర 450 రూపాయలు. రెండేళ్లలో దాని నుంచి రాలిన పోగులు నాలుగైదుకు మించవు.

దీనితో నురగ చేయడం కొంచెం వేరుగా నేర్చుకోవాలి. ఈ పోగు నీటిని తనలోకి పీల్చదు, పోగుల సందుల్లో మాత్రమే నిలుపుతుంది. వెంట్రుక బ్రష్‌కు అలవాటుపడిన చేతితో నీళ్లు కారుతూ మొదలుపెడితే క్రీము పలచనై మెడ మీదుగా బనియన్ మీదికి కారుతుంది. మొదటి వారమంతా నాకు ఇదే జరిగింది. ముంచి, రెండుసార్లు గట్టిగా విదిలించి, బఠానీ గింజంత క్రీముతో మొదలుపెట్టి, ఆ తర్వాత కొనలను మాత్రమే చుక్క చుక్కగా తడుపుతూ పోవాలి. అలా చేస్తే నిమిషంలోపే, మూడింటిలోనూ అతి తక్కువ క్రీముతో, పెరుగు మీగడలాంటి నురగ వస్తుంది. లోపాలు లేకపోలేదు. పోగు స్ప్రింగులా ఎగిరి అద్దం మీద చుక్కలు చిమ్ముతుంది. వేడినీళ్లలో ముంచినా ఆ వెచ్చదనం త్వరగా పోతుంది, అయితే ఏడాదిలో పది నెలలు చల్లనీళ్లే సుఖంగా ఉండే మా ఊళ్లో నాకు అది పెద్ద లోటుగా అనిపించలేదు.

అసలు తేడా బోరునీళ్ల దగ్గర బయటపడింది. బ్యాడ్జర్ బ్రష్ ఆరు వారాలు తిరగకముందే మొదట్లో జిగటగా, బిరుసుగా తయారైంది; ఆరిన తర్వాత వేళ్లతో విడదీస్తే తెల్లటి పొడి రాలింది. పంది బ్రష్‌కు అదే స్థితి రావడానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పట్టింది. గోరువెచ్చని కప్పు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపి, పది నిమిషాలు ముంచి, తర్వాత మంచినీళ్లతో కడిగితే ఆ తెట్టు విడిపోతుంది. మరిగే నీళ్లు మాత్రం పోయకూడదు, కుచ్చును పిడిలో అతికించిన జిగురు వదులైపోతుంది. ఈ వెనిగర్ స్నానం బ్యాడ్జర్‌కు నెలకొకసారి తప్పలేదు. సింథటిక్‌కు మూడు నెలలకు ఒకసారి చేస్తే సరిపోయింది, ఎందుకంటే నున్నటి పోగుకు తెట్టు అంతగా అంటుకోదు, కుళాయి కింద పిండితే చాలావరకు వెళ్లిపోతుంది. ఉదయం ఆరున్నరకు వాడిన సింథటిక్ బ్రష్ తొమ్మిదికల్లా ఆరిపోతుంది. వెంట్రుక బ్రష్‌లు ఎండాకాలంలో పరవాలేదు గానీ, సెప్టెంబరు వానల్లో, కిటికీ చిన్నదైన స్నానాల గదిలో, మరునాటి ఉదయానికి కూడా మొదట్లో తడిగానే ఉన్నాయి.

వస్తువు గుణంతో సంబంధం లేని కారణాలు కూడా కొన్ని ఉన్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. మా ఆఫీసులో పనిచేసే కడప మిత్రుడొకరు, ముస్లిం, నా మాట విని బ్రష్ కొనబోతూ, "అన్నా, దీంట్లో పంది వెంట్రుక లేదు కదా, రూఢిగా చెప్పు" అని అడిగారు. నేను సింథటిక్ బ్రష్ పోగును ఆయన ముందే కాల్చి చూపించాను. పాతూరులో నేను వెళ్లే క్షవరశాల యజమాని కూడా సింథటికే వాడుతున్నారు. "పంది బ్రష్ అయితే వద్దనే వాళ్లు ఉంటారు సార్. ఇదైతే ఎవరికీ ఇబ్బంది లేదు, మనిషి మనిషికీ డెటాల్ నీళ్లలో ముంచినా చెడిపోదు" అని ఆయన చెప్పిన మాట పూర్తిగా సబబైనది. బ్యాడ్జర్ వెంట్రుక ఎక్కువగా చైనా నుంచి వస్తుంది, ఆ జంతువును చంపే తీసుకుంటారు. మన దేశంలో బొమ్మలు వేసే కుంచెల కోసం ముంగిసలను చంపడం, వాటి వెంట్రుకలతో వ్యాపారం చేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ముంగిస విషయంలో మనం కూడదనుకున్నది మరొక దేశపు జంతువు విషయంలో సరేననుకోవడం నాకు మనస్కరించలేదు. ఉన్న బ్యాడ్జర్ బ్రష్‌ను పాడయ్యేవరకు వాడతాను, ఇంకొకటి కొనను.

బోరునీళ్లతో గడ్డం చేసుకునేవారు, ముఖ్యంగా ట్యూబు క్రీము వాడేవారు, నాలుగైదు వందల్లో 22 నుంచి 24 మిల్లీమీటర్ల కుచ్చు ఉన్న సింథటిక్ బ్రష్ కొనుక్కుంటే చాలు, అంతకు మించి ఖర్చు పెట్టనక్కరలేదు. బిళ్ల సబ్బు వాడేవారికీ, గడ్డం మరీ బిరుసుగా ఉన్నవారికీ, పంది వెంట్రుక విషయంలో అభ్యంతరం లేకపోతే, మంచి పంది బ్రష్ ఇప్పటికీ చవకైన, నమ్మకమైన వస్తువు. అయితే దానికి నానబెట్టే ఓపికా, కొన్ని వారాల సహనమూ కావాలి.

మా నాన్నగారికి కూడా ఒక సింథటిక్ బ్రష్ తెచ్చి ఇచ్చాను. ఆయన వారంరోజులు వాడి, "నురగ బాగానే వస్తోంది రా, కానీ చెంపకు ఏమీ తగిలినట్టు లేదు" అని తిరిగి ఇచ్చేశారు. ఆయన పాత పంది బ్రష్ నానబెట్టే లోటాలో ఇప్పుడు బోరునీళ్లు పోయడం మానేశాము. అమ్మ వంటకు పట్టిన కుళాయి నీళ్లలో నుంచి రోజూ ఒక లోటాడు పక్కన పెడుతోంది.