మిమ్మో పలదీనో ఎచింగ్‌లు: ఏళ్లు గడిచాక తేలిన సంగతులు

దక్షిణ ఇటలీలోని పదూలిలో 1948లో పుట్టిన చిత్రకారుడు పలదీనో ఎచింగ్‌లను (రాగి రేకుమీద ఆమ్లంతో గీతలు కొరికించి, వాటిలో సిరా నింపి ముద్రించే బొమ్మలను) చాలాకాలంగా ఇంట్లో ఉంచుకున్న అనుభవంతో చెబుతున్నాను: బొమ్మ కన్నా ముందు కాగితం చూసి కొనండి. ఆయన గీసే తలలు, ముసుగులు, జంతువుల అందమంతా అక్వాటింట్ (రేకుమీద సన్నని చుక్కల గరుకుతో నీడలు తెచ్చే పద్ధతి) నలుపులో ఉంటుంది. ఆ లోతు ఫోన్ తెరమీద తెలియదు.

టార్చిలైటును కాగితానికి పక్కగా, బాగా వాలుగా పట్టుకోండి. అసలైన ఎచింగ్‌లో సిరా గీతలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి, రాగి రేకు నొక్కుకున్న చోట చుట్టూ పల్లం కనిపిస్తుంది. ఆ తర్వాత 10 రెట్ల భూతద్దం పెట్టండి. అక్వాటింట్ చుక్కలు అడ్డదిడ్డంగా ఉంటాయి. వరసలు తీరిన రంగు చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ముద్రణ (పుస్తకాలు, పోస్టర్లు అచ్చేసే యంత్ర ముద్రణ), కింద ఉన్న పెన్సిల్ సంతకం నిజమైనదే అయినా సరే. ఖాళీ రేకుతో పల్లం ఒక్కటే నొక్కి అమ్మేవాళ్లూ ఉన్నారు.

బొమ్మ కింద రాసే 17/60 అంటే మొత్తం 60 ప్రతుల్లో 17వ అంకె వేసినది; ఆ 17 చిన్నదా పెద్దదా అని చూసి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. అంకె వేసిన వరస, ముద్రించిన వరస ఒకటే కానక్కర్లేదు. రేకు అరగకుండా దానికి ఇనుప పూత వేస్తే ప్రతుల మధ్య తేడా పెద్దగా ఉండదు. డ్రైపాయింట్ (ఆమ్లం లేకుండా సూదితో నేరుగా రేకుమీద గీసే పద్ధతి) సంగతి వేరు: సూది గీసినప్పుడు గీత పక్కన లేచే రాగి గరుకు అంచు, పూత లేకపోతే పది ఇరవై ప్రతులకే అణిగిపోయి ఆ మఖమల్ నలుపు పోతుంది. 'పి.ఎ.' లేదా 'పి.డి.ఎ.' అంటే కళాకారుడి ప్రతులు. అవి ఆ 60కి అదనం, కాబట్టి ఎన్ని తీశారో రాసివ్వమనండి. అంచులు కత్తిరించిన ప్రతి ఎంత చవకైనా వద్దు.

వృత్తిగా అమ్మేవారు ప్రామాణికత పత్రం ఇవ్వాలని ఇటలీ 2004 సాంస్కృతిక వారసత్వ చట్టంలోని 64వ అధికరణం చెబుతుంది. మొహమాటం లేకుండా అడగండి. భారత్‌కు తెప్పించేటప్పుడు ఇన్‌వాయిస్ మీద కస్టమ్స్ సుంకాల పట్టికలోని 9702 శీర్షిక నంబరు, 'ఒరిజినల్ ఎచింగ్' అన్న మాట ఉండాలి. ఉత్త 'ప్రింట్' అని రాస్తే కస్టమ్స్‌వాళ్లు 4911 కింద మామూలు ముద్రిత చిత్రంగా లెక్కగట్టవచ్చు.

అసలు గండం ఫ్రేము కట్టే దగ్గరే. చాలా దుకాణాల్లో అట్టకు జిగురుతో, లేదా వేడి ప్రెస్‌తో అతికించేస్తారు. రేకు నొక్కిన పల్లం చదునైపోతుంది, ఇక తిరిగి రాదు. పై అంచున రెండే రెండు జపనీస్ కాగితపు ముక్కలు, గోధుమ గంజి చాలు. మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) నూరు శాతం కాటన్‌ది కావాలి, లేకపోతే దానిలో బొమ్మ కనబడేలా కోసిన కిటికీ అంచు వెంట గోధుమరంగు గీత పడుతుంది. కిటికీని పల్లానికి బయటే కోయించండి, సంతకం, అంకె కనబడాలి. అద్దం కాగితాన్ని తాకకూడదు.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానకు చెమ్మెక్కే బయటి గోడకు తగిలించొద్దు. ఫ్రేము కింది మూలల్లో వెనక రబ్బరు బొడిపెలు పెడితే గాలి ఆడుతుంది. వానాకాలం పోయాక దించి చూడండి. గోధుమరంగు చుక్కలు కనిపిస్తే రుద్దకండి, బ్లీచు జోలికి పోకండి. గోడమీంచి తీసి పొడి గదిలో ఉంచి, కాగితపు కళాఖండాలు బాగుచేసే కన్సర్వేటరుకే అప్పగించండి.